"మీతో వస్తే టూర్‌కి వచ్చినట్టు లేదు, డ్యూటీకి వచ్చినట్టుంది" అంటోంది మా ఆవిడ

శ్రీకాకుళం నుంచి ఒకాయన రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. వయసు నలభైకి దగ్గర, ప్రభుత్వ ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. భార్యది విజయనగరం దగ్గర పల్లె. ఇంట్లో ఉన్నంతకాలం మొగుడూ పెళ్లాల మధ్య పెద్ద పేచీలేమీ లేవట, ఊరు దాటితే చాలు మొదలవుతాయట. ఈయన ఎక్కడికి వెళ్లాలన్నా ముందు ఎక్సెల్ షీట్ తయారు చేస్తారు. ఎన్నింటికి లేవాలి, టిఫిన్ ఎక్కడ, ఏ గుడిలో ఎంతసేపు, తిరుగు దారిలో బండి ఎక్కడ ఆపాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆవిడ మాత్రం "ముందు బయల్దేరదాం, మిగతాది దారిలో చూసుకుందాం" అనే మనిషి.

కిందటి చలికాలం అరకు వెళ్లారు. కారు మాట్లాడుకుని తెల్లవారకముందే బయల్దేరి, ఎస్.కోట మీదుగా ఘాట్ ఎక్కి, బొర్రా గుహలు, కాఫీ తోటలు, చాపరాయి, గిరిజన మ్యూజియం అన్నీ ఒకటిన్నర రోజులో చూసేశారు. దారిలో ఒక సంత కనిపిస్తే ఆవిడ ఆపమన్నారు, ఈయన పది నిమిషాలు ఇచ్చారు. చాపరాయి దగ్గర పిల్లలు నీళ్లలో దిగి ఆడుకుంటుంటే, మ్యూజియం మూసేస్తారేమోనన్న కంగారులో ముప్పావు గంటకే పైకి రమ్మన్నారు. చిన్నది ఏడ్చింది. ఆ రాత్రి ఆవిడ అన్న మాటే పైన శీర్షికలో ఉన్నది.

ఆవిడ పద్ధతిలో వెళ్లినా బాగుండలేదని కూడా రాశారు. ఒక డిసెంబరు 31న సాయంత్రం ఆవిడా, వాళ్ల అక్కా అనుకుని అందరినీ ఒడిశాలోని గోపాల్‌పూర్ బీచ్‌కి బయల్దేరదీశారు. చేరేసరికి రాత్రయింది. ఎక్కడా రూము లేదు, బరంపురం వెనక్కి వచ్చి వెతికినా దొరకలేదు. కారులోనే తెల్లవార్చారు, మర్నాటికి చిన్నదానికి జ్వరం.

ఇప్పుడు వేసవి సెలవుల్లో పూరీ వెళ్లాలి. అత్తగారి మొక్కు. ఆవిడకి అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఈయన రెండు వారాలు కూర్చుని షీట్ తయారు చేసి చూపిస్తే, భార్య దాన్ని చదవకుండానే పక్కన పెట్టి, "మీరూ పిల్లలూ మీ టైమ్ ప్రకారం వెళ్లండి, నేనూ అమ్మా అక్కా వేరే వెళ్తాం" అన్నారట. "నేను ఇంత కష్టపడి అందరి కోసం చూసుకోవడం తప్పా? మా ఇద్దరిలో ఎవరు మారాలి?" అని ఆయన అడుగుతున్నారు.

ఉత్తరం చివర, సంతకానికి ముందు, ఇంకో రెండు సంగతులు రాశారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న పని కోసం వలస వెళ్తూ కుటుంబాన్ని జనరల్ పెట్టెలో తీసుకెళ్లేవారు. ఒకసారి ఏదో పెద్ద స్టేషన్లో నీళ్లకని దిగి రైలు అందుకోలేకపోయారు. తర్వాతి స్టేషన్లో వాళ్లమ్మ పిల్లల్ని పట్టుకుని దిగిపోయి, భాష తెలియని ఊళ్లో ప్లాట్‌ఫాం మీద రాత్రంతా కూర్చుంది. ఇక మామగారు లారీ డ్రైవరు. ఆయన వేసవి సెలవుల్లో కూతుళ్లని కేబిన్లో ఎక్కించుకుని హైవే మీద తిప్పేవారట.

తమ్ముడూ,

మొదటి ప్రశ్నకి సూటిగా చెప్తాను. తప్పు కాదు. ప్రయాణానికి ముందు కూర్చుని లెక్కలు వేసుకునే మనిషి ఇంట్లో ఒకరుండటం ఆ ఇంటికి మంచిదే. ఇలాంటివాళ్ల శ్రమ ఎవరికీ కనబడదు కూడా. అన్నీ సరిగ్గా జరిగితే "ఏముంది, వెళ్లొచ్చాం" అంటారు, ఒకటి తప్పితే "ఇంత ప్లాన్ వేసి ఇదా" అంటారు. మీ ఉత్తరంలో ఆ అలసట నాకు తెలుస్తూనే ఉంది. టికెట్లు తెరిచే రోజు పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్ పట్టుకుని కూర్చున్నది మీరు, అత్తగారి మాత్రలు గుర్తుపెట్టుకున్నది మీరు, ఆఖరికి మాట పడిందీ మీరే. బాధగానే ఉంటుంది.

ఎవరు మారాలన్న రెండో ప్రశ్నకి మాత్రం సమాధానం చెప్పను. అలా అడిగితే ఇద్దరిలో ఒకరు ఓడాలి, ఓడినవాళ్లు మళ్లీ టూర్‌కి రారు. దానికన్నా ముందు మీరిద్దరూ ఇలా ఎందుకయ్యారో చూద్దాం. దానికి కావలసినదంతా మీ ఉత్తరంలోనే ఉంది, మీరే చివరి నాలుగు వాక్యాల్లో పెట్టేసి వదిలేశారు.

మన జిల్లాల్లో మీ వయసు వాళ్లలో చాలామందికి మొదటి దూరప్రయాణం అంటే విహారం కాదు, వలస. మూటలు, జనరల్ పెట్టె, తలుపు దగ్గర తోపులాట, ఏ స్టేషన్ వచ్చిందో తెలియని భయం. మీకు అందులో ఒక రాత్రి ఇంకా లోపలే ఉండిపోయింది. నాన్న రైలెక్కలేదు, అమ్మ భయపడుతోంది, మీరు చిన్నపిల్లాడు, చేయగలిగింది ఏమీ లేదు. ఈ రోజు మీరు షీట్‌లో "10.40కి బయలుదేరాలి" అని రాస్తున్నప్పుడు ఆ రాత్రిని మళ్లీ రానివ్వకుండా చూసుకుంటున్నారనిపిస్తుంది నాకు. చాపరాయి దగ్గర పిల్లల్ని పైకి పిలిచింది కూడా మ్యూజియం మీద ప్రేమతో అయి ఉండదు. అనుకున్నది ఒకటి జారిపోతుంటే మీకు గుండె దడ మొదలవుతుంది. మీ ఆవిడకి ఈ స్టేషన్ సంగతి తెలుసా? పదేళ్లు కలిసి బతికినా ఇలాంటివి చెప్పుకోని మొగుడూ పెళ్లాలు బోలెడుమంది. మీరు చెప్పారని ఉత్తరంలో ఎక్కడా లేదు.

ఇక ఆవిడ సంగతి. లారీ కేబిన్లో నాన్న పక్కన కూర్చుని, ఆకలేసినప్పుడు ఏదో ధాబా దగ్గర ఆగి, నిద్రొస్తే వెనక బెర్తు మీద పడుకుని, ఏ ఊరొస్తుందో తెలియకుండా తిరిగిన పిల్ల ఆవిడ. ఆవిడకి ప్రయాణమంటే అదే. పైగా విజయనగరం మనిషి. సిరిమాను పండక్కి చుట్టుపక్కల ఊళ్లన్నీ టౌన్లోకి వచ్చేస్తాయి కదా, దసరా వెళ్లాక వచ్చే ఆ మంగళవారం కోసం ఎంతమంది రూములు బుక్ చేసుకుని వస్తారు చెప్పండి. అక్క ఇంట్లోనో, మేనత్త ఇంట్లోనో, ఎవరో ఒకరి అరుగు మీదో పడుకుంటారు, అన్నం ఎవరో పెడతారు. మనుషులున్నారన్న నమ్మకమే వాళ్ల ప్లాన్. అందుకే ఆవిడకి మీ షీట్ చూస్తే జాగ్రత్త కనబడదు, అపనమ్మకం కనబడుతుంది. ఆవిడది నిర్లక్ష్యం అని మీరు ఒక చోట రాశారు, ఆ మాట వెనక్కి తీసుకోండి.

అయితే ఆవిడ గమనించని సంగతి కూడా ఒకటుంది. ఆ లారీలో ప్లాన్ లేదనుకోవడం చిన్నపిల్ల చూపు. లోడు ఎప్పటికి దింపాలో, ఏ చెక్‌పోస్టు దగ్గర ఎంతసేపు పడుతుందో, ఏ ధాబాలో ఆడపిల్లలతో ఆగొచ్చో, ఏ బంకు దగ్గర రాత్రి బండి పెట్టుకుంటే భయం లేదో అన్నీ మీ మామగారికి తెలుసు. తెలియకుండా ఇద్దరు ఆడపిల్లల్ని ఎక్కించుకుని ఏ డ్రైవరూ హైవే మీదకి వెళ్లడు. ప్లాన్ ఉంది, ఆయన బుర్రలో ఉంది. కూతుళ్లకి మాత్రం కిటికీ ఇచ్చాడు. గోపాల్‌పూర్‌లో జరిగిందేమిటంటే, ఆవిడ నాన్నలాగే బయల్దేరింది గానీ నాన్నకి తెలిసినవి ఆవిడకి తెలియవు, అక్కడ చుట్టాల అరుగులూ లేవు, అందులోనూ డిసెంబరు 31 రాత్రి సముద్రం ఒడ్డున ఉన్న ఊరు.

మీ మామగారికీ మీకూ ఉన్న తేడా ఏమిటో చూడండి. ఆయనకి తెలిసింది ఆయన దగ్గరే ఉంది, మీకు తెలిసింది మీరు ఇంటిల్లిపాదికీ చదివి వినిపిస్తున్నారు. "ఇంకా పదిహేను నిమిషాలే ఉంది", "మనం అరగంట లేటు", "ఇక్కడ ఇంత టైమ్ వేస్ట్ చేస్తే అక్కడ కుదరదు" అనే మాటలు అరకులో రోజంతా ఎన్నిసార్లు అని ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. డ్యూటీ అన్న మాట అక్కడ పుట్టింది. షీట్ వేయడం మానమని నేను అనను. అది మీ జేబులో ఉండాలి, పిల్లల మెడలో వేలాడకూడదు.

ఇంకో మాట, కొంచెం కటువుగానే చెప్తాను. నాలుగు పేజీల ఉత్తరంలో రైలు వేళలున్నాయి, రూము అద్దెలున్నాయి, అరకులో ఎక్కడెక్కడ ఎంతెంతసేపు ఆగారో నిమిషాలతో సహా ఉంది. మీ ఆవిడకి ఏం చూడటం ఇష్టమో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ సంతలో ఆవిడ ఏం కొందామనుకుంది? ఎవరితో మాట్లాడదామనుకుంది? మీరు అడిగారా? పది నిమిషాలు ఇచ్చానని రాశారు. సమయం మీది, మీరు ఆవిడకి ఇస్తున్నారు అన్నట్టుంది ఆ మాట. ఆవిడకి అలాగే వినిపించి ఉంటుంది.

ఇప్పుడు పూరీ దగ్గరికి వద్దాం. మీ ముందు మూడు దారులున్నాయి.

మొదటిది ఆవిడ చెప్పినట్టే వేరువేరుగా వెళ్లడం. కోపంలో అన్నా, అది అంత చెడ్డ ఆలోచన కాదు. తల్లీ ఇద్దరు కూతుళ్లూ కలిసి యాత్రకి వెళ్లడం వాళ్లకి జీవితాంతం గుర్తుండిపోతుంది, అల్లుళ్లు లేకపోతే వాళ్లు మాట్లాడుకునే మాటలే వేరు. కానీ రెండు ఇబ్బందులున్నాయి. ఒకటి, గొడవ మీద విడిగా వెళ్తే పిల్లలు అమ్మ జట్టా నాన్న జట్టా అని లెక్కలేసుకుంటారు, ఆ అలవాటు టూర్‌తో పోదు. రెండు, మీరు ఇంట్లో కూర్చుని గంటగంటకీ ఫోన్ చేస్తారు. చేయనని మీరు ఇప్పుడు అనుకుంటారు గానీ చేస్తారు. పూరీ గుడి లోపలికి ఫోన్ పట్టుకెళ్లనివ్వరు, ఆవిడ ఫోన్ బయట కౌంటర్లో ఉన్న రెండు మూడు గంటలూ ఇక్కడ మీరు ఏమైపోతారో నేను ఊహించగలను. ఈ దారి ఎంచుకుంటే పేచీగా కాదు, మీరే ముందుకొచ్చి "మీ ముగ్గురూ వెళ్లి రండి, పిల్లల్ని నేను చూసుకుంటాను" అని సంతోషంగా పంపాలి. పొద్దున్న ఒక ఫోను, రాత్రి ఒక ఫోను, అంతే. అలా పంపగలిగితే ఆవిడకి కూడా ఒకటి తెలుస్తుంది, బాధ్యతంతా తన మీదే ఉన్నప్పుడు కిటికీలోంచి చూడటానికి ఎంత తీరిక దొరుకుతుందో. అది తెలియాలని మాత్రం పంపకండి. తిరిగొచ్చాక "చూశావా" అన్నారంటే మొత్తం పాడవుతుంది.

రెండో దారి, ముందు పూరీని పక్కన పెట్టి, మన జిల్లాలోనే ఒక్క ఆదివారం పగ్గాలు పూర్తిగా ఆవిడకి ఇచ్చేయడం. నాకు ఇదే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో పోయేదేమీ లేదు. రాత్రికి ఎలాగూ ఇంటికే చేరతారు. కళింగపట్నం బస్సెక్కండి, దారిలో శాలిహుండం దిగాలనిపిస్తే ఆవిడ దిగమంటుంది, కొండెక్కి బౌద్ధ స్తూపాల దగ్గర కూర్చుని కింద వంశధారని చూడాలనిపిస్తే గంట కూర్చుంటారు, అక్కడే సాయంత్రమైపోతే సముద్రం ఇంకో వారం. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టికెట్ లేదు కదా, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. ఎక్కిన బస్సు నచ్చకపోతే దిగి ఇంకోటి ఎక్కినా ఆవిడకి పైసా ఖర్చు లేదు, మీ టికెట్ మాత్రం మీరు కొనుక్కోవాలి. ఆ రోజు మీరు చేయాల్సింది ఒకటే, మ్యాప్ తెరవకూడదు. "తర్వాత ఎక్కడికి" అని అడగకూడదు. మధ్యాహ్నం దాకా మీకు చాలా టెన్షన్‌గా ఉంటుంది, అది సహజం. భోజనం ఎక్కడ, పిల్లలకి బాత్రూమ్ ఎక్కడ అన్న ప్రశ్నలు ఆ రోజు ఆవిడ దగ్గరికి వెళ్తాయి. మీరు తొందరపడి జవాబు చెప్పకండి.

ఈ దారిలో కూడా తేడా వస్తుంది. ఉదాహరణకి ఆవిడ ఏప్రిల్ చివర్లో తేలినీలాపురం పక్షులు చూద్దామంటే, అవి చలికాలం వచ్చి వేసవికి వెళ్లిపోయే పక్షులు, ఖాళీ చెట్లు చూసి రావాలి. మీకు ఆ సంగతి తెలిసి ఉంటుంది. అప్పుడు ఊరుకోవాలా, చెప్పాలా? చెప్పండి, ఒక్కసారి, మామూలుగా. "ఇప్పుడు పక్షులుండవేమో" అని చెప్పి ఆగిపోండి. అయినా వెళ్దామంటే వెళ్లండి. పక్షులు లేకపోయినా ఊరు చూసొస్తారు. తెలిసింది చెప్పడం వేరు, తెలుసు కాబట్టి తీర్పు చెప్పడం వేరు, మీ ఇద్దరి మధ్య చాలా గొడవలు ఈ రెండూ కలిసిపోవడం వల్లే వస్తున్నాయనిపిస్తోంది.

మూడోది, అందరూ కలిసే పూరీ వెళ్లడం, కానీ మీ షీట్‌ని బాగా కత్తిరించి. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అనేదానికి నేను చూసే గీటురాయి ఒకటే. తప్పిపోతే అక్కడికక్కడ సరిచేసుకోలేనిది ఏదో అది ముందే ఖాయం చేసుకోవాలి. సరిచేసుకోగలిగింది వదిలేయాలి.

రైలు టికెట్లు సరిచేసుకోలేనివి. ఇప్పుడు రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు, 2024 నవంబరు నుంచి ఇంతే, మునుపటిలా 120 రోజులు లేదు. వేసవి సెలవుల్లో నిదానంగా చూద్దామంటే వెయిటింగ్ లిస్టే, ఆ టికెట్‌తో రిజర్వేషన్ పెట్టె ఎక్కనివ్వరు. తత్కాల్ ఉంది గదా అంటే, ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి తెరుస్తారు, అదీ ఆధార్ జత చేసిన ఖాతా ఉంటేనే, ఆరేడుగురికి ఒకేసారి దొరకడం చాలా కష్టం. ఆమదాలవలస స్టేషన్లో అత్తగారిని నిలబెట్టి "చూద్దాం" అనుకునే వ్యవహారం కాదిది. మీకు తెలియకపోతే ఇంకో సంగతి చెప్తాను. 45 దాటిన ఆడవాళ్లకి, 60 దాటిన మగవాళ్లకి కింది బెర్తు కోటా ఉంది, కానీ ఒకరో ఇద్దరో కలిసి తీసిన టికెట్‌కే అది వర్తిస్తుంది. అందరినీ ఒకే టికెట్‌లో కలిపేస్తే అత్తగారు ఆ కోటా పోగొట్టుకుంటారు. ఆవిడ టికెట్ విడిగా తీయండి. మోకాళ్ల నొప్పుల మనిషికి మిడిల్ బెర్తు పడితే రాత్రంతా ఎవరో ఒకరిని బతిమాలుతూ గడపాలి.

తేదీ కూడా సరిచేసుకోలేనిదే. జ్యేష్ఠ పౌర్ణమి నాడు జగన్నాథుడికి స్నానయాత్ర జరుగుతుంది. ఆ తర్వాత రథయాత్ర ముందు దాకా స్వామికి జ్వరమని గర్భగుడి దర్శనం ఉండదు. అణసర కాలం అంటారు. సుమారు పదిహేను రోజులు. వేసవి సెలవుల చివరికి టికెట్లు తీసుకుంటే కొన్ని సంవత్సరాల్లో సరిగ్గా ఆ రోజుల్లోనే పడతారు, మొక్కు తీర్చుకోవడానికి వెళ్లిన పెద్దావిడ మూలవిరాట్టుని చూడకుండా తిరిగి రావాలి. మీరు ఆ షీట్‌లో పంచాంగం చూశారా? ఆ రోజుల్లో చాలామంది భక్తులు బ్రహ్మగిరిలో ఉన్న అలర్‌నాథ్ గుడికి వెళ్తారు. అనుకోకుండా ఆ రోజుల్లో చేరినవాళ్లకి కూడా ఒక దారి ఉంది, మీ ఆవిడలాంటి వాళ్లయితే అక్కడికి సంతోషంగా వెళ్లొస్తారు. మొక్కు ఉన్నప్పుడు మాత్రం తేదీ చూసుకోవాల్సిందే.

మొదటి రాత్రి రూము ఖాయం చేసుకోండి. గోపాల్‌పూర్ తర్వాత దీనికి మీ ఆవిడ కూడా కాదనరు. అత్తగారి మందులు రెండు చోట్ల పెట్టండి, సంచిలో కొన్ని, మీ జేబులో కొన్ని. సింహద్వారం లోపల ఇరవై రెండు మెట్లున్నాయి, ఎండెక్కితే రాళ్లు కాలతాయి, చెప్పులు బయటే వదలాలి, కాబట్టి ఆవిడ దర్శనం తెల్లవారుజామునో, పొద్దుగూకాకో. ఇంకోటి, ఇది మీకోసమే చెప్తున్నాను. లోపల ఎవరి దగ్గరా ఫోన్ ఉండదు, జనం విపరీతంగా ఉంటారు. లోపలికి వెళ్లేముందు పిల్లలతో సహా అందరికీ చెప్పండి, తప్పిపోతే ఎవరూ ఎవరినీ వెతకొద్దు, బయటికొచ్చి సింహద్వారం ఎదురుగా ఉన్న అరుణ స్తంభం దగ్గర నిలబడాలి అని. కోణార్క్ నుంచి తెచ్చి నిలబెట్టిన ఎత్తైన రాతి స్తంభం, ఎవరిని అడిగినా చూపిస్తారు. ఈ ఒక్క ప్లాన్ మీ షీట్ మొత్తం కన్నా విలువైనది. మీ నాన్న రైలు తప్పిన రాత్రి మీ అమ్మకి లేనిది ఇదే, ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోవడం.

మిగతాదంతా వదిలేయండి. కోణార్క్ పూరీకి ముప్పై అయిదు కిలోమీటర్లు, పొద్దున్న లేచాక వెళ్దామనుకున్నా వెళ్లొచ్చు. సాతపడా వెళ్లి చిలికా సరస్సులో డాల్ఫిన్లు చూడొచ్చు, చూడకపోవచ్చు. పిల్లలు సముద్రం దగ్గర్నుంచి కదలకపోతే కదలకపోవచ్చు. గుడి లోపలి ఆనంద బజారులో మహాప్రసాదం కొనుక్కుని నేల మీద కూర్చుని తింటూ పక్కన ఎవరితోనో మాట్లాడుతూ మీ ఆవిడ గంటసేపు ఉండిపోతే, ఆ గంట ఆవిడదే, మీరు ఇచ్చింది కాదు. మూడు రోజులుంటే ఒక రోజు ఆవిడ చేతిలో పెట్టండి, ఒక రోజు ఎవరి చేతిలోనూ పెట్టకండి. కొంత డబ్బు విడిగా ఒక కవర్లో పెట్టి ఆవిడకి ఇచ్చేయండి, దానికి లెక్క అడగొద్దు. ఇందులో నష్టం ఉంది, దాచను. బహుశా కోణార్క్ చూడకుండానే తిరిగొస్తారు. రైల్లో మీకు ఆ వెలితి ఉంటుంది, ఇంత దూరం వచ్చి చూడలేదే అని. ఆవిడకి కూడా నష్టముంది, టికెట్ల విషయంలో, మొదటి రాత్రి రూము విషయంలో "దారిలో చూసుకుందాం" అనే హక్కు వదులుకోవాలి. ఆ రెండింటి దగ్గర మీరు గట్టిగా నిలబడండి, తప్పులేదు.

అన్నీ లెక్కేసుకుని వెళ్లినా మన చేతిలో లేనిది కొంత ఉంటుందని మీకు నేను చెప్పనక్కర్లేదు. అరసవల్లి మీ ఊళ్లోనే ఉంది. మార్చిలో, అక్టోబరులో కొద్ది రోజులు మాత్రమే పొద్దున్న సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయి, జనం తేదీ చూసుకుని, చీకటితో లేచి, లైన్లో నిలబడతారు. ఆ పూట మబ్బు పట్టిందంటే ఏమీ కనబడదు. వచ్చినవాళ్లు దర్శనం చేసుకుని వెళ్లిపోతారు, మర్నాడో మళ్లీ ఏడాదో వస్తారు, ఎవరి మీదా విసుక్కోరు. తేదీ చూసుకోకపోతే అసలు చూడలేరు, చూసుకున్నా చూస్తామన్న హామీ లేదు. మీరు ఆ లైన్లో ఎన్నిసార్లో నిలబడి ఉంటారు.

ఆవిడతో ఎలా మొదలుపెట్టాలి అంటారా. షీట్ చేతిలో పట్టుకుని మాత్రం వద్దు. పిల్లలు పడుకున్నాక, ముందు స్టేషన్ రాత్రి సంగతి చెప్పండి. జాలి కోసం కాదు, ఆవిడకి తెలియాలి కాబట్టి. "నాకు కంగారు ఎక్కడి నుంచి వస్తుందో నీకెప్పుడూ చెప్పలేదు" అని మొదలుపెట్టినా చాలు. ఆ తర్వాత సంతలో ఏం చూద్దామనుకున్నావని అడగండి. ఆవిడ వెంటనే చెప్పకపోవచ్చు, "ఇప్పుడెందుకులెండి" అనొచ్చు, చాలాకాలం అడగని ప్రశ్న కదా. రెండో రోజు చెప్తుంది. "ఇంకెప్పుడూ ప్లాన్ వేయను" అని మాట మాత్రం ఇవ్వకండి. మీరు నిలబెట్టుకోలేరు, ఆవిడకీ అది అక్కర్లేదు.

ఇంతా చేసి, ఇద్దరూ కలిసి మరిచిపోయిన మనిషి ఒకరున్నారు. మొక్కు మీ అత్తగారిది. ఆవిడ ఏమంటున్నారో ఉత్తరంలో లేదు. ఆవిడకి స్వామి దర్శనం ఒక్కటే చాలేమో, రెండు రోజులు సముద్రం గాలి పీల్చుకుంటూ కూర్చోవాలనుందేమో, లేకపోతే మీ మామగారు లారీలో తీసుకెళ్లి చూపించిన చోటేదైనా మళ్లీ చూడాలనుందేమో. మొగుడూ పెళ్లాలిద్దరూ కలిసి వెళ్లి ఆవిడ పక్కన కూర్చుని అడగండి. "అత్తా, నీకు ఏటేటి చూడాలనుంది?" అని మీరే అడగండి, కూతురు అడిగితే "నాకేటుందమ్మా, మీ ఇష్టం" అంటారు, అల్లుడు అడిగితే ఆలోచించి చెప్తారు. ఆవిడ చెప్పినదాన్ని బట్టి పంచాంగంలో తేదీ చూడండి, తేదీని బట్టి అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టి టికెట్లు తీయండి. ఆవిడకి కింది బెర్తు, విడి టికెట్ మీద, మరిచిపోకండి.